మామిడాకు కాదు తాతా

మా తాత ఇల్లందులో ఉంటాడు. సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా ముప్పై ఏళ్లు బాయి దిగి రిటైరయ్యాడు. ఆయన దగ్గర అరచేతంత రాయి ఒకటి ఉంది. బొగ్గు పొరకు పైకప్పులాగా ఉండే బూడిదరంగు పలకరాయి. దాని మీద ఒక ఆకు అచ్చు. నాలుక ఆకారం. నడుమ లావుపాటి ఈనె, దాని నుంచి రెండు పక్కలకీ సన్నటి ఈనెలు వల అల్లినట్టు. గోరుతో గీకినా పోదు. టీవీ స్టాండ్ మీద, వెంకటేశ్వరస్వామి ఫొటో పక్కన పెట్టుకున్నాడు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఇది ఏ చెట్టు ఆకో కనుక్కోమని తాత అడిగాడు. ఎంసెట్ అయ్యాక చూస్తానన్నాను. ఎంసెట్ అయింది, సీఎస్ఈ సీటొచ్చింది, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో చేరాను, రాయి సంగతి మర్చిపోయాను. సెకండియర్ మినీ ప్రాజెక్టుకి మా టీమ్, ఆకు ఫొటో ఇస్తే చెట్టు పేరు చెప్పే మోడల్ ఒకటి చేసింది. కాలేజీ క్యాంపస్‌లో, సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల తిరిగి ముప్పై రకాల ఆకుల ఫొటోలు తీశాం. దసరా సెలవుల్లో ఇల్లందు వెళ్లినప్పుడు తాత రాయిని ఫొటో తీసి ఆ మోడల్‌కి ఇచ్చాను. మామిడి అంది. చాలా నమ్మకంగా అంది. నేను అంతకంటే నమ్మకంగా తాతకి చెప్పాను. ఆయన టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు, మనవరాలు కంప్యూటర్‌లో పెట్టి చూసిందనీ, మన బాయి ఉన్నచోట ఒకప్పుడు మామిడితోట ఉండేదట అనీ.

తర్వాత ప్రాజెక్ట్ రివ్యూలో సార్ ఒకే ప్రశ్న వేశారు. ఈ ముప్పైలో లేని ఆకు ఇస్తే మీ మోడల్ ఏమంటుంది అని. మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అది ఏదో ఒక పేరు చెప్పి తీరాల్సిందే. తెలియదు అనడం దానికి మేం నేర్పలేదు. నాకు వెంటనే టీవీ స్టాండ్ మీది రాయి గుర్తొచ్చింది.

ఆ రాత్రి కూర్చుని వెతికితే ఆకు పేరు దొరికింది. గ్లోసోప్టెరిస్. గ్రీకులో గ్లోసా అంటే నాలుక. ఆ పేరు పట్టుకుని వెళ్తుంటే ప్రతి మలుపులో ఒక మనిషి ఎదురయ్యారు, బీర్బల్ సాహ్ని. నిజం చెప్పాలంటే బీర్బల్ అంటే నాకు అక్బర్ పక్కన కూర్చునే ఆయన ఒక్కరే తెలుసు. ఈ బీర్బల్ మన దేశంలో శిలాజ మొక్కల శాస్త్రానికి పునాది వేసినవారు. ఆయన గురించి చదువుతుంటే మా మోడల్ చేసిన తప్పు, నేను చేసిన తప్పు రెండూ బాగా అర్థమయ్యాయి. అందుకే ఈ వ్యాసం.

సాహ్ని 1891 నవంబర్ 14న భేరా అనే ఊళ్లో పుట్టారు. అప్పట్లో అది పంజాబ్, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఆ ఊరికి దగ్గర్లో ఉప్పు కొండలు ఉన్నాయి. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. సెలవులొస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని హిమాలయాల్లో నడిపించేవారు. మొక్కలు, రాళ్లు ఏరడం బీర్బల్‌కి అక్కడే అలవాటైంది.

1911లో లాహోర్‌లో డిగ్రీ అయింది. కొడుకు ఐసీఎస్ చదవాలని తండ్రి కోరిక. ఆ రోజుల్లో ఐసీఎస్ అంటే ఈ రోజుల్లో మన ఇళ్లల్లో సాఫ్ట్‌వేర్ లాంటిది, ఇంకా పదింతలు ఎక్కువ. బీర్బల్‌కి మాత్రం మొక్కల మీదే మనసు. చివరికి తండ్రి కాదనలేదు. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో ఇమ్మాన్యుయేల్ కాలేజీలో చేరారు. అక్కడ ఆయనకి దొరికిన గురువు ఆల్బర్ట్ సీవర్డ్, అప్పటికే శిలాజ మొక్కల మీద ప్రపంచంలో పెద్ద పేరున్న మనిషి.

ఇక్కడ మా తాత రాయికీ, భూమి అడుగున ఉన్న మంచు ఖండానికీ ఒక బంధం ఉంది. 1912 జనవరిలో కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణ ధ్రువం చేరి, తిరుగుదారిలో చలికీ ఆకలికీ చనిపోయింది. నవంబర్‌లో వాళ్ల శవాలు దొరికినప్పుడు పక్కన సుమారు 16 కిలోల రాళ్లు కూడా దొరికాయి. స్లెడ్జ్ లాగే శక్తి లేని స్థితిలో కూడా వాళ్లు ఆ రాళ్లు పారేయలేదు. అవి పరీక్ష కోసం సీవర్డ్ చేతికొచ్చాయి. వాటిలో ఆకు ముక్కలున్నాయి. 1914లో ఆయన వాటిని గ్లోసోప్టెరిస్ అని తేల్చారు. సాహ్ని కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న రోజులే అవి.

అంటే ఇల్లందు బాయి కప్పులో ఉన్న ఆకే అంటార్కిటికా మంచు కింద కూడా ఉంది. ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో కూడా ఉంది. ఈ భూములన్నీ ఒకప్పుడు ఒకే ఖండంగా కలిసి ఉండేవనడానికి అది పెద్ద సాక్ష్యమైంది. ఆ ఖండానికి ఉన్న పేరు గోండ్వానా. మన ఆదిలాబాద్ గోండుల పేరే, ఆ జాతి ఉండే ప్రాంతం మీదుగా మొదట మన రాతి పొరలకీ, తర్వాత మొత్తం ఖండానికీ వెళ్లింది. గోదావరి లోయలో ఈ పొరల్ని నడిచి పటం గీసినవాళ్లలో ముఖ్యుడు జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్. ఇల్లందు ప్రాంతంలో 1871లో బొగ్గు గుర్తించింది ఆయనే. ఇప్పటికీ అక్కడ ఒక బొగ్గు పొరని కింగ్ సీమ్ అంటారు. మా తాత రోజూ ఆ మాట అంటాడు కానీ అది మనిషి పేరని ఆయనకి తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు, ఏదో రాజుగారి పేరనుకున్నాను.

కింగ్ కాలంలో మన దగ్గర దొరికిన ఆకుల్ని వర్ణించి పేర్లు పెట్టినవారు ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్. ఏలూరు దగ్గర గొల్లపల్లిలో దొరికిన మొక్కల మీద 1877లోనే ఆయన రాశారు. నలభై ఏళ్ల తర్వాత సీవర్డ్, సాహ్ని కలిసి ఆ పాత నమూనాలన్నీ మళ్లీ తీసి ఒక్కొక్కటే పరీక్షించారు. 1920లో భారత గోండ్వానా మొక్కల పునఃపరిశీలన పేరుతో అది అచ్చయింది. కొత్తది కనిపెట్టడం కాదు ఆ పని, పెద్దవాళ్లు పెట్టిన పేర్లు సరైనవో కావో చూడడం. మన భాషలో చెప్పాలంటే వేరేవాళ్లు రాసిన పాత కోడ్‌ని లైన్ లైన్ చదవడం. ఎవరికీ ఇష్టముండని పని. సాహ్ని తన జీవితం దాంతో మొదలుపెట్టారు.

1919లో లండన్ యూనివర్సిటీ డీఎస్సీ తీసుకుని దేశానికి తిరిగొచ్చారు. బెనారస్‌లో కొన్నాళ్లు, లాహోర్‌లో కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. 1920లో సావిత్రీ సూరిని పెళ్లి చేసుకున్నారు. 1921లో కొత్తగా పెట్టిన లక్నో యూనివర్సిటీలో బోటనీకి మొదటి ప్రొఫెసర్‌గా చేరి, చివరిదాకా అక్కడే ఉన్నారు. అదే 1921లో గురువుగారు సీవర్డ్ ఆర్కిటిక్ వైపు వెళ్లారు, గ్రీన్‌లాండ్ దీవిలో శిలాజ మొక్కలు ఏరడానికి. అక్కడి రాళ్లలో మన పనసకి చుట్టమైన చెట్టు ఆకులు, కాయ కూడా అంతకుముందే దొరికాయి. ఇప్పుడు అంత చలి ఉన్నచోట ఒకప్పుడు పనస! గురువు ఉత్తరాన మంచులో వెచ్చటి అడవిని వెతుకుతుంటే, శిష్యుడు లక్నో ఎండలో కూర్చుని మన గోండ్వానా ఆకుల్ని మైక్రోస్కోప్ కింద పెట్టుకున్నారు. 1923లో గ్లోసోప్టెరిస్ ఆకు పైపొర నిర్మాణం మీద ఒక పేపర్ రాశారు. ఇరవై ఐదు కోట్ల ఏళ్లు దాటిన ఆకు చర్మంలో కణాల గోడలు కనిపిస్తాయని అది చదివాకే నాకు తెలిసింది.

ఆయన పనుల్లో నాకు బాగా నచ్చింది పెంటాక్సిలాన్ కథ. ఇప్పటి జార్ఖండ్‌లో రాజ్‌మహల్ కొండలున్నాయి. అక్కడ నిపానియా అనే ఊరి దగ్గర చెట్టు భాగాలు చెకుముకిలా గట్టిపడి రాయైపోయాయి. శిలాజాలతో ఉన్న చిక్కేంటంటే చెట్టు మొత్తం ఎప్పుడూ దొరకదు. కాండం ఒకచోట, ఆకు ఒకచోట, కాయ ఇంకోచోట. అందుకే ఒక్కో ముక్కకీ ఒక్కో పేరు పెడతారు. నిపానియా కాండాన్ని కోసి చూస్తే లోపల మామూలుగా అయిదు కడ్డీలు విడివిడిగా కనిపిస్తాయి. అందుకే పెంటాక్సిలాన్. ఆకుకి నిపానియోఫిల్లమ్ అని, కాయకి కార్నోకొనైటిస్ అని వేరే పేర్లు. రాయిని పల్చగా కోసి, అరగదీసి, వెలుతురు దాటేంత పొర చేసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చుకుంటూ పోతే ఈ మూడూ ఒకే రకం మొక్కకి చెందినవని తేలింది. మరి ఆ మొక్క ఏ కుటుంబం? కాండం ఒక గుంపుని పోలి ఉంది, ఆకు ఇంకో గుంపుని, కాయ రెండింటినీ కాదు. తెలిసిన పెట్టెల్లో ఏదో ఒకదాంట్లో దాన్ని కూర్చోబెట్టడం తేలికే. సాహ్ని ఆ పని చేయలేదు. 1948లో పెంటాక్సిలీ అని కొత్త గుంపే పెట్టారు. తర్వాత అదే మొక్క మగపువ్వు దొరికినప్పుడు దానికి ఆయన పేరు మీదే సాహ్నియా అని పెట్టారు.

మా మోడల్‌కి చేతకానిది ఇదే. ముప్పై పెట్టెల బయట కూడా ప్రపంచం ఉందని దానికి తెలియదు.

ఇంకో పెద్ద చర్చలో కూడా ఆయన ఉన్నారు, అది మన తెలుగు నేల మీదుగానే పోతుంది. వికారాబాద్ వైపు వెళ్తే నల్లటి బసాల్ట్ రాయి కనిపిస్తుంది. దక్కన్ ట్రాప్స్, అంటే లావా పొరల మీద పొరలు. ఒక లావాకీ ఇంకో లావాకీ మధ్య కొన్నాళ్లు విరామం దొరికితే అక్కడ చెరువులు ఏర్పడ్డాయి, మొక్కలు మొలిచాయి, మళ్లీ లావా వచ్చి కప్పేసింది. ఆ మధ్య పొరల్లో తాటి జాతి చెట్లు, కాయలు, నీళ్ల మీద తేలే అజొల్లా లాంటివి రాళ్లయి దొరుకుతాయి. వరి పొలాల్లో వేసే అజొల్లానే. ఈ లావా డైనోసార్ల కాలం నాటిదా, ఆ తర్వాతదా అన్నది అప్పటి గొడవ. చాలామంది పాతదనేవారు. సాహ్ని మొక్కల్ని చూసి ఇవి తర్వాతి యుగానివి అన్నారు. 1940లో మద్రాసులో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌కి జనరల్ ప్రెసిడెంట్‌గా ఆయన ఎంచుకున్న విషయం కూడా దక్కన్ ట్రాప్సే. రాజమండ్రి దగ్గర కాటేరు పొరల్లోని సూక్ష్మ శిలాజాలు కూడా ఈ వాదనలోకి వచ్చాయి.

ఇప్పటి లెక్క ప్రకారం ఆ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. డైనోసార్లు పోయిన గీతకి అటూ ఇటూ పరుచుకుని ఉంది. అంటే ఇద్దరి మాటలోనూ సగం సగం నిజముంది. ఆ గీత ఎక్కడుందో వెతుకుతూ మళ్లీ రాజమండ్రి క్వారీలకే విదేశీ శాస్త్రవేత్తలు వచ్చారు, 2008లో దాని మీద పేపర్ వేశారు.

1936లో ఆయనకి రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చింది. అదే ఏడాది రోహ్‌తక్ దగ్గర ఖోక్రాకోట్ దిబ్బ మీద మట్టి అచ్చులు దొరికాయి, పాతకాలంలో నాణేలు పోసే అచ్చులు. వాటి మీద కూడా ఏళ్ల తరబడి పనిచేసి, ప్రాచీన భారతంలో నాణేలు ఎలా పోసేవారో 1945లో పుస్తకమే రాశారు. అచ్చు ఆకుదైనా నాణేనిదైనా ఆయనకి ఒకటేననుకుంటా.

ఇక ఉప్పు కొండలు. పంజాబ్ ఉప్పు కొండల్లో ఉప్పు పొర అడుగున ఉంటుంది. దాని మీద చాలా పాత రాళ్లుంటాయి. అడుగున ఉన్నది ఇంకా పాతది కావాలి కదా, కాబట్టి ఉప్పు కేంబ్రియన్ కాలం నాటిదని ఒక పక్షం. సాహ్ని ఆ ఉప్పుని, దానితో ఉన్న రాళ్లని కరిగించి మైక్రోస్కోప్‌లో చూస్తే చెక్క నలుసులు, పురుగుల ముక్కలు కనిపించాయి. కేంబ్రియన్‌లో నేల మీద చెట్లే లేవు. కాబట్టి ఈ ఉప్పు సుమారు అయిదు కోట్ల ఏళ్లదే, పాత రాళ్లు భూకదలికల్లో దాని మీదికి తోసుకొచ్చాయి అన్నారు. 1940ల్లో దీని మీద సదస్సులే జరిగాయి. తను పుట్టిన ఊరి దగ్గరి కొండలు, తన కళ్లతో చూసిన నలుసులు. ఆయన గట్టిగా నిలబడ్డారు.

ఆయన వాదన నిలవలేదు. ఉప్పు వయసు 50 కోట్ల ఏళ్ల పైమాటే అని తర్వాత తేలింది. ఆ నలుసులు బయటి నుంచి ఎలాగో లోపలికి చేరినవే. మన భాషలో డేటా కలుషితమైంది. చూసింది నిజమే, పద్ధతి కూడా జాగ్రత్తగానే ఉంది, అయినా జవాబు పది రెట్లు తప్పింది. ఇది చదివినప్పుడు నాకు కొంచెం బాధేసింది, కొంచెం ధైర్యం కూడా వచ్చింది. అంతటి మనిషికి కూడా ఇలా జరిగింది. కానీ ఆయన ఏ రాయి చూశారో, ఎలా కరిగించారో అంతా రాసిపెట్టి అందరి ముందూ పెట్టారు. అందుకే వేరేవాళ్లు పరీక్షించగలిగారు. నేను మాత్రం తాతకి మామిడి అని చెప్పినప్పుడు, మోడల్‌కి ముప్పై ఆకులే తెలుసన్న ముక్క చెప్పలేదు.

చివరి కథ పునాదిరాయిది. శిలాజ మొక్కలకి దేశంలో ఒక ఇన్‌స్టిట్యూట్ ఉండాలని సాహ్ని కోరిక. 1946లో మొదలుపెట్టారు. తమ ఆస్తి, పుస్తకాలు, జన్మంతా ఏరిన శిలాజాలు భార్యాభర్తలిద్దరూ దానికే ఇచ్చేశారు. పునాదిరాయిని సాహ్ని తనే డిజైన్ చేశారు. మామూలు శిలాఫలకం కాదు, వేరే వేరే దేశాల, వేరే వేరే యుగాల శిలాజాలు పొదిగిన రాయి. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ దాన్ని వేశారు. ఇద్దరి పుట్టినరోజూ నవంబర్ 14, ఇద్దరూ కేంబ్రిడ్జ్‌లో చదివినవాళ్లే, నెహ్రూ డిగ్రీలో బోటనీ, జియాలజీ కూడా ఉన్నాయి. సరిగ్గా వారం తర్వాత, ఏప్రిల్ 10న, గుండెపోటుతో సాహ్ని చనిపోయారు. 57 ఏళ్లు. మరుసటి ఏడాది స్టాక్‌హోమ్‌లో జరగాల్సిన అంతర్జాతీయ బోటనీ కాంగ్రెస్‌కి గౌరవాధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. వెళ్లలేకపోయారు.

అప్పటికి భవనం లేదు, పునాదిరాయి ఉంది. సావిత్రి ఆ బాధ్యత మొత్తం తన మీద వేసుకున్నారు. ఆమె సైంటిస్టు కాదు, కానీ ఫీల్డ్ ట్రిప్పులకి భర్త వెంట తిరిగిన మనిషి. 1953 జనవరి 2న నెహ్రూ మళ్లీ వచ్చి భవనం ప్రారంభించారు. 1969లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. 1985లో చనిపోయారు. లక్నో యూనివర్సిటీ రోడ్‌లో అది ఇప్పటికీ నడుస్తోంది.

ఇదంతా చదివాక సంక్రాంతికి ఊరెళ్లాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగి, బస్సు కోసం ఫ్లైఓవర్ కింద నిలబడ్డాను. ఆ మెట్రో పిల్లర్లు దిగింది గ్రానైట్‌లోకి. హైదరాబాద్ గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్లు. కరిగిన రాయి చల్లారి గట్టిపడింది కాబట్టి ఎంత తవ్వినా అందులో ఒక్క ఆకు దొరకదు. సూర్యాపేట, ఖమ్మం దాటి ఇల్లందు చేరితే కాళ్ల కింద రాయే మారిపోతుంది. నాలుగైదు గంటల ప్రయాణంలో ఆకులు లేని కాలం నుంచి ఆకులు రాలిన కాలానికి వస్తాం. ఇన్నేళ్లుగా ఆ దారిలో నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోయాను.

తాతకి చెప్పాను. మామిడాకు కాదు తాతా, నేను తప్పు చెప్పాను. మామిడి పూత పూసే చెట్టు, ఈ ఆకు రాలేనాటికి భూమ్మీద పూలే లేవు. బిర్లా సైన్స్ మ్యూజియంలో మనం చూసిన కోటసారస్ డైనోసార్ కూడా అప్పటికి పుట్టలేదు. ఈ చెట్లే బురదలో పడి, పొరల కింద నలిగి నువ్వు తీసిన బొగ్గయ్యాయి. కింగ్ సీమ్ అంటే రాజు కాదు, ఒక మనిషి పేరు.

తాత రాయిని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. కోపం రాలేదు. తను మోసిన బొగ్గంతా ఈ ఆకులేనా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. అవునన్నాను. ఆ తర్వాత ఆయనకొచ్చిన దిగులు వేరే. టీ కొట్టు దగ్గర అందరికీ మామిడి అని చెప్పేశాడు కదా, ఇప్పుడు ఎట్లా? నోటితో చెప్తే ఎవరూ నమ్మరు, తెలుగులో శుభ్రంగా రాసివ్వు, చదివి వినిపిస్తా అన్నాడు.

నేను నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంత పొడుగు తెలుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. దీని ప్రింటవుట్ దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ షాపులో పెద్ద అక్షరాల్లో తీయించాను. వచ్చే శనివారం బస్సులో తాతకి తీసుకెళ్తున్నాను.